గుమ్మంలో ఇరుక్కున్న గుంపు

"అక్కా, మా రోబోల గుంపంతా గుమ్మంలోనే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుక్కుపోతోంది. చిన్న క్లూ ఇవ్వండి," అని బతిమాలింది కంపెనీ పెట్టిన హ్యాకథాన్ కోడింగ్ పోటీకి వచ్చిన విద్యార్థిని.

కంపెనీ తరఫున మెంటర్‌గా వచ్చిన ఇంటర్న్ చుట్టూ ఒకసారి చూసింది. కంపెనీలో తాను నెలలుగా తల బద్దలుకొట్టుకుంటున్న చిక్కునే పోటీకి ప్రశ్నగా ఇచ్చారు. ఆ సంగతి బయటపెడితే ఇంటికేనని మేనేజరు ముందే హెచ్చరించాడు.

అయినా ఆ పిల్ల ముఖం చూశాక ఉండబట్టలేకపోయింది.

"జవాబు మాకే తెలీదమ్మా," అంది గొంతు తగ్గించి. "మీరు కనిపెడితే కోడ్ కంపెనీదైపోతుంది. మీ పేరు కూడా ఉండదు. వెళ్లిపోండి."

"తెలుసక్కా," అంది ఆ పిల్ల నవ్వుతూ. "నిరుడు ఇదే పోటీలో మీరు రాసిన కోడ్‌నీ అలాగే తీసేసుకున్నారటగా? కానీ మిమ్మల్ని కంపెనీలోకి తీసుకున్నారుగా! పోటీ పోస్టరు మీద మీ ఫోటో చూసే వచ్చాం."

తననే మెంటర్‌గా ఎందుకు పంపారో ఇంటర్న్‌కు అప్పుడర్థమైంది.