తువ్వాల కింది చదువు

ఎమర్జెన్సీ రోజులు. జహీరాబాద్ పశువుల సంతలో, పక్కవాడికి ధర తెలియకుండా తువ్వాల కింద వేళ్లు నొక్కి బేరమాడే గుర్తులను శివమ్మ తోటి రైతులకు పైసా తీసుకోకుండా నేర్పుతోంది. దళారులకు కడుపు మండదా మరి!

సంత ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "ఈ గుర్తులు లైసెన్సున్న దళారులకే. లేనోళ్లు నేర్పినా, నేర్చుకున్నా కేసే. నీ ఎడ్లు జప్తు!"

పత్రికల నోరు మూసిన సర్కారుకు గుట్టు ఉండొచ్చునట, రైతుకుంటే నేరమట! ఎక్కడి న్యాయమండీ ఇది?

"ఏం నేర్పిన్నో చూడకుండనే కేసా సారూ?" అంది శివమ్మ.

"చూపియ్యి."

తువ్వాల కింద ఆయన వేళ్లు పట్టుకుని అన్ని గుర్తులూ ఓపిగ్గా చెప్పింది. "సమజైందా?"

"అంతా వచ్చేసింది," అన్నాడాయన గర్వంగా.

"మరి మీ లైసెన్సేది సారూ? కేసు రాసేదుంటే ఇద్దరి మీద రాయున్రి!"