గ్రూపు కుట్టిన గుండీలు

మధ్యాహ్నం లీడరమ్మ ఇంట్లో మీటింగుకు టైలరమ్మ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

లీడరమ్మ మళ్ళీ మళ్ళీ ఫోను నొక్కింది. నలుగురు ఆడవాళ్ళు కలిసి లోన్లు తీసుకున్న ఆ గ్రూపుకు ఆవిడే పెద్ద. ఒక్కరు వాయిదా ఎగ్గొట్టినా నలుగురికీ కొత్త లోన్లు ఆపేస్తారు. ఆవిడ పిండిమర లోను వచ్చే వారమే చేతికి రావాలి. మర ఎక్కడ పెట్టాలో ముందుగదిలో నేలమీద సుద్దముక్కతో గీత కూడా గీసేసింది. అప్పట్నుంచీ మొగుడు ఆ గీత చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వస్తోంది.

"అది మొహం చాటేసింది," అంది లీడరమ్మ. "సాయంత్రం లోన్ల ఆఫీసరు వచ్చేలోగా వెళ్ళి దాని ఇంట్లో బైఠాయిద్దాం. డబ్బు కక్కేదాకా లేచేది లేదు."

"నేను కొట్టు తెరవాలి వదినా," అని గొణిగింది చెప్పుల కొట్టావిడ.

"రేపు తెరుద్దువుగాని. పద."

పూలమ్మే పిన్ని మాత్రం మారు మాట్లాడకుండా లేచింది. ఆవిడకు లోను కంటే లీడరమ్మ నోరంటేనే భయం.

టైలరమ్మ ఇంటి తలుపు బార్లా తీసే ఉంది. లోపల బడిపిల్లల చొక్కాలు గుట్టగా పడున్నాయి. పక్కనే చాప పరిచి ఉంది. దారాలెక్కించిన సూదులు దిండుకు గుచ్చి ఉన్నాయి. గుట్ట వెనకనుంచి ముక్కు ఎగబీల్చే చప్పుడు వినబడింది.

"మీటింగుకు ఎందుకు రాలేదే?" లీడరమ్మ గుమ్మంలోనే ఒంటికాలి మీద లేచింది. "వాయిదా సంగతేంటి?"

టైలరమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "ఏం చెప్పమంటావక్కా. సాయంత్రానికి ఈ చొక్కాలన్నీ బడికి చేరాలి. ఒక్కదానికీ గుండీల్లేవు. ఇలాగే పంపిస్తే బడివాళ్ళు పైసా ఇవ్వరు. నా వేళ్ళు చూడు, ఎలా వాచాయో."

లీడరమ్మ వేళ్ళకేసి చూసింది. కళ్ళముందు పిండిమర కదిలింది. జాలి పొంగుకొచ్చింది.

"ఏడుపాపి ఆ సూదులిలా ఇవ్వు."

"అయ్యో, మీచేత చేయిస్తానా అక్కా," అంటూనే టైలరమ్మ తలో సూదీ అందించింది.

ఇక చూడాలి ఆ సంబరం. మేకులు కొట్టి అలవాటైన చెప్పుల కొట్టావిడ బలం కొద్దీ పొడిచి, చొక్కా చేతిని తన చీర కుచ్చిళ్ళకు కలిపి కుట్టేసింది. పూల పిన్ని అలవాటు కొద్దీ గుండీలన్నీ వరసగా దారానికి గుచ్చుకుంటూ పోయింది.

"పిన్నీ, అది దండ కాదు," అని లీడరమ్మ అన్నీ విప్పించింది. ఊరికే కూర్చుని పెత్తనం చేయడం చేతకాక తనూ కుట్టింది. వేళ్ళు పొడుచుకుంది. నడుం పట్టేసింది.

టైలరమ్మ మధ్యమధ్యలో టీలు పోసింది. "సొంత అక్కచెల్లెళ్ళైనా ఇంత చేస్తారా," అంది. లీడరమ్మకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

పొద్దు వాలేసరికి చివరి గుండీ పడింది. బడి గుమాస్తా ఆటోలో వచ్చి, చొక్కాలన్నీ చూసుకుని, డబ్బు టైలరమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే ఇటు లోన్ల ఆఫీసరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"మీ ఇల్లు తాళం వేసుంటే, మీరిక్కడున్నారని ఎవరో చెప్పారండీ," అన్నాడు లీడరమ్మతో.

లీడరమ్మ మూలుగుతూ లేచింది. టైలరమ్మ చేతిలోని నోట్లు లాక్కుంది. టైలరమ్మ ఏదో చెప్పబోయింది గాని ఆవిడ వినిపించుకుంటేగా.

"మా గ్రూపంటే ఏమనుకున్నారు," అంది గర్వంగా, ఆఫీసరు ముందు నోట్లు చాపుతూ. "ఒకరికి కష్టమొస్తే మిగతావాళ్ళం భుజానేసుకుంటాం. ఇదిగో టైలరమ్మ వాయిదా, జమ చేసుకోండి."

ఆఫీసరు తెల్లమొహం వేశాడు.

"ఆవిడదెందుకండీ, పొద్దున మేం ఆఫీసు తాళం తీసేసరికే మెట్లమీద కూర్చుని ఉండి, అప్పుడే కట్టేసి వెళ్ళారుగా."