ఘాటు తగ్గని సీసా

“ఇది నకిలీదని తేలిందంటే బీరువా మొత్తం ఖాళీ చెయ్యాలి. తర్వాత మాట మార్చకూడదు,” అంది భార్య.

“మార్చను,” అన్నాడు భర్త. చైనా ముక్కుపొడి సీసాల మీద ఇన్నేళ్లుగా పెంచుకున్న మోజంతా ఇవాళ ఈ బుల్లి సీసా మీద ఆధారపడి ఉంది. పాలగాజు మీద ఎనామెల్ రంగులతో పూలకొమ్మ, కొమ్మ మీద రెండు పిట్టలు. రెండు వందల ఏళ్ల నాటిదని చెప్పి ఎవరో అంటగట్టారు.

“మా అమ్మ చిటికెడు పొడి పీలిస్తే ఇల్లంతా కంపని మాన్పించేదాకా మీరు ఊరుకోలేదు. ఖాళీ సీసాలకి మాత్రం అద్దాల బీరువా!”

“అది దురలవాటు. ఇది కళ.”

మ్యూజియం నుంచి వచ్చిన పెద్దాయన ఇవేవీ పట్టించుకోకుండా భూతద్దం తీశాడు. సీసాని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

“పనితనం బాగుంది. కానీ ఇంత బాగా ఈమధ్య కూడా చేస్తున్నారండీ.”

భార్య ఎక్కడినుంచో అట్టపెట్టె తెచ్చి బీరువా ముందు పెట్టేసింది. గుమ్మంలో నిలబడ్డ అతని అత్తగారి ముఖం వాడిపోయింది. అతనికి జాలేసింది. ఈ సీసాని రోజూ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పదిలంగా పెట్టేది ఆవిడే. ఈ ఇంట్లో తన అభిరుచి అర్థమైన మనిషి ఆవిడొక్కతే.

పెద్దాయన బిరడా లాగాడు. దాని కింద అతికించిన సన్నటి దంతపు చెంచా బయటికొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూశాడు. మరుక్షణం ఇల్లదిరిపోయేలా తుమ్మాడు. ఆగకుండా మళ్లీ తుమ్మాడు.

“అసలైనదే!” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “దొంగ సరుకైతే లోపల టీ నీళ్లతో మరకలు పెడతారు. ఈ ఘాటు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఏ మహారాణో ప్రాణంలా చూసుకుని వాడిన సీసా ఇది!”

“విన్నావా?” అన్నాడు భర్త.

భార్య అట్టపెట్టె మడిచేసింది.

“ప్రదర్శనలో పెడతాం. ఇప్పుడే తీసుకెళ్లమంటారా?”

“అడగాలా అండీ!” అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు.

పెద్దాయన సీసాని మఖమల్ గుడ్డలో చుడుతుంటే అత్తగారు చేతిలో కాగితం ముక్కతో గబగబా ముందుకొచ్చింది.

“నా పొడి ఇందులో పోసి తీసుకెళ్లండి బాబూ.”