పన్నెండో నంబరు పానా

"బొమ్మ రాదేంటన్నా? లోపల నా పెళ్ళాం చచ్చిపోయేలా ఉంది!"

సైకిల్ మెకానిక్ అరుపుకి ఆరోగ్య కేంద్రం కిటికీలు అదిరాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరు నొక్కిన మీటే మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు. తెర మీద ఒకటే మాట: సిగ్నల్ లేదు.

పక్క గదిలో మెకానిక్ భార్యకి ఎనిమిదో నెల. పావుగంట క్రితం ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసింది. పిలిచినా పలకడం లేదు. నర్సమ్మ ఒక చేత్తో ఆమె తల పక్కకి తిప్పి పట్టుకుంది, రెండో చేతిలో మందు సీసా ఉంది.

"మందు చేతిలోనే ఉందిగా అక్కా, పొడిచెయ్యి!"

"ఎంత ఇవ్వాలో డాక్టరమ్మ చూసి చెప్పాలయ్యా. కాస్త ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. ఆ పాపం నేను మొయ్యలేను. ముందు లైను కలపండి!"

డాక్టరమ్మ ఉండే ఆసుపత్రి కొండ అవతల. బండి చుట్టూ తిరిగి రావాలంటే నాలుగు గంటలు. సెల్ టవర్లా, ఈ ఊరి మొహం ఎప్పుడు చూశాయి గనక! డాబా మీద పెట్టిన ఉపగ్రహం గొడుగే ఊరందరికీ ఫోనూ, డాక్టరూ. అది మూగబోతే ఊరికి నోరు పడిపోయినట్టే.

"నిన్న మసగ్గానైనా కనబడిందిగా! కాళ్ళ వాపు సరిగ్గా తెలియట్లేదు, రేపు మళ్ళీ చూపించమని డాక్టరమ్మే అంది. ఇవాళ అదీ లేదా?" అన్నాడు మెకానిక్.

అంతలో మెకానిక్ చూపు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన మీద పడింది. ఊరంతా ఆయన్ని గొణుగుడు తాత అంటారు. గొడుగు పెట్టిన రోజు నుంచీ దాన్ని తిట్టని పూట లేదు.

"నువ్వే! దానివల్ల నీ మేకలకి పాలు తగ్గాయని ఏడ్చావుగా! ఏం చేశావు దాన్ని?"

"ఈ గడప ఎక్కడానికే ఇద్దరు పట్టుకున్నారు, డాబా ఎక్కుతానట్రా? నాది నోటిదురుసే గానీ చేతిదురుసు కాదు."

ఆపరేటరు అప్పటికే మెట్లెక్కి పరుగెత్తాడు. నిమిషంలో పైనుంచి కేక వినబడింది.

"పానా! ఎవరి దగ్గరైనా పానా ఉందా?"

మెకానిక్ బయటికి ఉరికి, చొక్కా జేబులోంచి ఒకటి తీసి పైకి విసిరాడు. ఏ నంబరని అడగనే లేదు. పన్నెండో నంబరు పానా, బోల్టుకి అతికినట్టు సరిపోయింది. ఆ హడావిడిలో అదేంటని ఆలోచించే తీరిక ఎవరికుంది!

గొడుగుతో తంటా ఏంటంటే, వెంట్రుకవాసి తేడా వచ్చినా పలకదు. ఆపరేటరు నూలుపోగంత తిప్పుతాడు, సిగ్నల్ మీటరు చూస్తాడు, మళ్ళీ తిప్పుతాడు. కింద ఆమెకి రెండోసారి ఫిట్స్ వచ్చాయి.

"వచ్చేస్తోందే... డాక్టరమ్మ వచ్చేస్తోంది... కాస్త ఓర్చుకో తల్లీ," అంటూ భార్య పాదాలు పట్టుకుని మెకానిక్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే గుమ్మం దగ్గర జనం చూడలేక తలలు తిప్పుకున్నారు.

నలభై నిమిషాలకి తెర వెలిగింది.

డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, మందు ఎంతో చెప్పింది. నర్సమ్మ సూది వేసింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది, ఊపిరి కుదుటపడింది.

"గండం గడిచినట్టే," అంది డాక్టరమ్మ. మెకానిక్ తెరకే దండం పెట్టాడు.

"ఇప్పుడు బిడ్డ గుండె వినండి."

నర్సమ్మ పొట్ట మీద గొట్టం ఆనించింది. కుడివైపు వింది. ఎడమవైపు వింది. కిందకి జరిపి, ఊపిరి బిగబట్టి మళ్ళీ వింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. తెర వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

"అయ్యో... ఒక్క అరగంట ముందు కలిసి ఉంటే..." డాక్టరమ్మ మాట మింగేసింది.

మెకానిక్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉన్నట్టుండి బయటికొచ్చి తాత మెడ దగ్గర చొక్కా పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు విడిపించబోతే విదిలించేశాడు.

"నా బిడ్డని మింగావు కదరా ముసలోడా!"

"వదులన్నా!" ఆపరేటరు పానా పట్టుకుని మెట్లు దిగుతూ అరిచాడు. "అది దానంతట అది చెడిపోలేదు, నిజమే. ఎవరో బోల్టులు వదులు చేసి తిప్పేశారు. కానీ ఆ బోల్టులు తిప్పే సత్తువ ఈయనకెక్కడిది?"

"ఎవడు మరి? వాడి చేతులు నరికేస్తా! ఎటు తిప్పాడు?"

"పైకి చూడాల్సిన దాన్ని తిన్నగా ఆ కొండకేసి పెట్టాడు, బుద్ధిలేని వెధవ! మన మాట ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి వెళ్ళి, అక్కణ్ణుంచి డాక్టరమ్మ దగ్గరికి దిగాలన్నా. కొండకేసి చూస్తే ఏమొస్తుంది, మట్టి!"

"పైకా?" అన్నాడు మెకానిక్.

తాత చొక్కా మీద అతని పట్టు జారిపోయింది. ఆకాశం వైపు చూశాడు. కొండ వైపు చూశాడు. ఆపరేటరు చేతిలో ఉన్న తన పానా వైపు చూశాడు.

"డాక్టరమ్మ ఉండేది ఆ కొండ వెనకాలే కదన్నా... ఇవాళైనా ఆవిడకి సరిగ్గా కనబడాలని, పొద్దున్నే నేనే తిప్పాను."