ఎడం చేతి అట్టు

అట్లబండి పైడమ్మ కుడిచేత్తో గరిటె తిప్పే ఒడుపును, బండికి కంపెనీ ఉచితంగా బిగించిన కెమెరా ఏడాదిలో నేర్చేసుకుంది. ఇప్పుడు విజయనగరమంతా కంపెనీ ఇనప చేతులే అట్లు పోస్తున్నాయి. ఆ ఒడుపు తమ సొత్తని, ఇకపై ఆమె గరిటె అలా తిప్పకూడదని కంపెనీ మనిషి ఈ ఉదయం నోటీసు తెచ్చాడు.

పైడమ్మ దాన్ని చదివించుకుని విన్నది. కెమెరా కంటికి ఇంత పిండి మెత్తింది. గరిటె ఎడం చేతికి మార్చుకుని, పెనం మీద అట్టు పల్చగా పోసింది.

"ఎడం చేత్తో పోస్తే ఎవరు తింటారమ్మా?" అని నవ్వాడు కంపెనీ మనిషి.

వరసలో ముందున్న ముసలాయన పళ్లెం చాపాడు. "నాను తింటాను. ఎయ్యి."

"నాను పుట్టిందే ఎడమచేతి వాటంతో బాబూ," అంది పైడమ్మ. "తినీవోల కోసం కుడిచేత్తో పోసినాను గానీ, మాయమ్మ అట్లకాడ కాల్చి వాత పెట్టినా ఆ వాటం పోనేదు. నీ కాయితానికి పోతాదేటి?"