గాలిమర రెక్కల్లో గూడు

మేడ మీద కరెంటు కోసం గాలిమరని బిగించారు గానీ, చుట్టూ ఉన్న ఎత్తు మేడలు గాలిని రానిస్తేగా! ఒక్క చుట్టైనా తిరగని ఆ గాలిమర రెక్కల సందున ఓ పావురం గూడు కట్టి గుడ్లు పెట్టింది.

“నేను తిరిగితే నీ గతేం కాను?” అంది గాలిమర.

“ఇన్నాళ్లూ తిరగనిదానివి, ఇప్పుడేం తిరుగుతావులే అక్కా!” అని నవ్వింది పావురం.

ఆ మాటకి గాలిమర మనసు చివుక్కుమంది. ఒక్కసారైనా తిరగాలని గాలికి మొక్కుకుంది.

మునిమాపువేళ మేడల సందుల్లోంచి ఈదురుగాలి విరుచుకుపడింది.

“ఆగక్కా, నా పిల్లలు!” అని పావురం గుండెలు బాదుకుంది.

ఆగుదామన్నా గాలిమర చేతిలో లేదు. మేడ మీద దీపం మొదటిసారి వెలిగింది. కింద జనం చప్పట్లు కొట్టారు. ఆ వెలుగులో గచ్చు మీద చితికిన గుడ్లు కనిపించాయి. చూడలేక మొహం తిప్పుకున్న ప్రతిసారీ, తిరిగి తిరిగి వాటి ముందుకే వచ్చింది గాలిమర.