ఆకాశంలో రాయికి పేరు

“ఆ పేరు మాత్రం ఎట్టొద్దు!” అంది సన్యాసమ్మ. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదల్లా చేట పక్కకి తోసేసింది.

దేవిశ్రీ బిత్తరపోయింది. ఆమె చోడవరంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తోటి లెక్చరర్ శివాజీతో కలిసి టెలిస్కోపు ఫొటోలు జల్లెడ పట్టి, అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఓ గ్రహశకలాన్ని కనిపెట్టింది. అది కొత్తదేనని తేలడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు దానికి పేరు పంపమన్నారు. అంత దూరాన తిరిగే రాయి, తగువు మాత్రం తెచ్చి ఈ వంటింట్లో పెట్టింది.

“నాన్న పేరమ్మా! దాసు. ఎంత బాగుంటాది!”

“వద్దన్నానా?”

“మరేటి పెట్టమంటావు?”

“నీ పేరెట్టు.”

“కనిపెట్టినోళ్లు సొంత పేరు పెట్టుకోకూడదమ్మా.”

“ఆ శివాజీ బాబు నీ పేరు ఎడతానన్నాడు కాదేటి? ఎట్టనియ్యి.”

శివాజీ ఆ మాట అన్నది నిజమే. దేవిశ్రీకే ఇష్టం లేదు. తండ్రి పోయి రెండేళ్లయినా ఆమెకు బెంగ తీరలేదు. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు హారన్ కొడితే చాలు, తోలుకొస్తున్నది నాన్నేమో అని ఇప్పటికీ తల తిప్పుతుంది. ఆయన పేరు ఎవరూ చెరపలేని చోట ఉండాలని ఆమె ఆశ. కన్నతల్లే అడ్డుపడితే ఎవరితో చెప్పుకోవాలి?

ఇంతలో ఫోన్ మోగింది. శివాజీయే.

“మేడమ్, ఏ పేరో తేల్చేసేరా? పంపేస్తన్నాను.”

“ఒక్క నిమిషం సార్.”

దేవిశ్రీ ఫోన్‌ని అరచేత్తో మూసి తల్లి మీద విరుచుకుపడింది. “పోయినోడి మీద కూడా పంతమేనేటమ్మా? దినాలప్పుడు నీ కంట్లో ఒక్క చుక్క సూడలేదు నేను. ఇప్పుడు పేరు కూడా కిట్టదా?”

సన్యాసమ్మ మనసు చివుక్కుమంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

“ఆ రాయి మన పెరట్లోంచి కనపడతాదేటే?” అంది చివరికి.

“కనపడదు. మామూలు కళ్లకి ఆనదు.”

“పోన్లే. కనపడకపోయినా పిలుసుకోవచ్చు కదా.”

“దాసు అనే పిలుసుకో. ఎవరొద్దన్నారు?”

సన్యాసమ్మ గబుక్కున కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. దేవిశ్రీకి అప్పుడు కనిపించాయి తల్లి కళ్లలో నీళ్లు.

“ఎర్రి గుంటా! మొగుడి పేరు నా నోట్లోంచి ఎలాగొస్తాదే? ఇన్నేళ్లూ పొద్దుగూకేక గుమ్మంలో నిలబడి ‘దేవిశ్రీ... దేవిశ్రీ...’ అని నేను కేకేసింది నిన్ను కాదే, మీ నాన్ననే!”